దెయ్యం కనిపించాలంటే రీలు వెనక్కి తిప్పాలి: మూకీ సినిమాల మాయలు

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా మేనత్త.

పోయిన నెల మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది. ఏదో ఆసుపత్రి వరండా అట, రాత్రి రెండు గంటలకి సీసీ కెమెరాలో పడిందట. తెల్లగా, పొగలాగా ఒక ఆడమనిషి ఆకారం ఈ గోడ దగ్గర మొదలై నడుచుకుంటూ వెళ్లి ఆ గోడలో కలిసిపోతుంది. కింద "ఎడిటింగ్ కాదు, నిజం, పది మందికి పంపండి" అని రాసుంది. మీకూ వచ్చే ఉంటుంది, ఇది కాకపోతే ఇలాంటిదే ఇంకోటి.

మా అత్తయ్య ఊళ్లో ఒక్కతే ఉంటుంది. పాత ఇల్లు. బాత్రూమ్ పెరట్లో, బావి పక్కన. ఆ వీడియో చూసినప్పటి నుంచి చీకటి పడితే పెరట్లోకి వెళ్లట్లేదు. వెళ్లాల్సిన అవసరం రాకూడదని సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తాగడం మానేసింది. షుగర్ ఉన్న మనిషి. ఈ సంగతి నాకు ఎప్పుడో పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

ఫోన్ చేసి "అత్తయ్యా, అది ఉత్త ట్రిక్" అన్నాను. "ఒరేయ్, ఇవి నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయిరా" అంది. దెయ్యాల గురించి అంది ఆవిడ. కానీ ట్రిక్ గురించి అయినా ఆ మాట కరెక్టే. నేనే కాదు, మా అత్తయ్య, మా అత్తయ్య వాళ్ల అమ్మ పుట్టకముందు నుంచీ ఉంది అది. కంప్యూటర్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, సినిమాకి ఇంకా మాటే రాలేదు. అప్పుడు కూడా తెరమీద మనుషులు మాయమయ్యారు, తలలు ఊడి గాల్లో ఎగిరాయి, దెయ్యాలు తలుపుల్లోంచి నడిచొచ్చాయి. ఎలా చేశారో ఈరోజు విప్పి చూద్దాం.

ముందు ఒక మనిషి పేరు చెప్పాలి. జార్జ్ మెలియెస్. 1861లో పారిస్‌లో పుట్టాడు. ఈయన సినిమా వాడు కాదు, మెజీషియన్. పారిస్‌లో రాబర్ట్ హూడిన్ థియేటర్ అని మ్యాజిక్ షోలకి పేరున్న చోటు ఒకటుండేది, 1888లో దాన్ని కొనుక్కున్నాడు. 1895 డిసెంబర్ 28న లూమియేర్ అన్నదమ్ములు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించినప్పుడు ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో ఈయన ఒకడు. ఆ మెషిన్ నాకు అమ్మండి అని అడిగితే వాళ్లు అమ్మలేదు. సరే అని లండన్ నుంచి వేరే మెషిన్ తెప్పించుకుని, దాన్ని విప్పి, తన అవసరానికి తగ్గట్టు కెమెరాగా మార్చుకున్నాడు.

ఇక్కడో ఫేమస్ కథ ఉంది. పారిస్ వీధిలో ట్రాఫిక్ షూట్ చేస్తుంటే కెమెరాలో ఫిల్మ్ ఇరుక్కుపోయిందట. సరిచేసి మళ్లీ తిప్పడానికి ఒక నిమిషం పట్టింది. తర్వాత తెరమీద వేసి చూస్తే, వెళ్తున్న గుర్రపు బస్సు ఉన్నట్టుండి శవాల బండి అయిపోయింది, మగవాళ్లు ఆడవాళ్లయిపోయారు! ఈ కథ మెలియెస్ స్వయంగా తర్వాతెప్పుడో రాసుకున్నాడు. నాకైతే ఇందులో సగం మెజీషియన్ మాటకారితనమే అనిపిస్తుంది. ఎందుకంటే 1895లోనే అమెరికాలో ఎడిసన్ కంపెనీ తీసిన చిన్న సినిమాలో ఒక రాణి తల నరికే సీన్ ఉంది. అక్కడ కెమెరా ఆపి, మనిషి బదులు బొమ్మని పెట్టి, మళ్లీ తిప్పారు. ట్రిక్ అప్పటికే పుట్టింది. కానీ దాంతో ఏమేం చేయొచ్చో చూపించింది మాత్రం మెలియెస్సే.

1896లో తీసిన 'ది వానిషింగ్ లేడీ' యూట్యూబ్‌లోనే ఉంది, ఒక నిమిషం పైన ఉంటుంది, చూడండి. నేల మీద న్యూస్‌పేపర్ పరుస్తాడు, దానిమీద కుర్చీ వేస్తాడు, కుర్చీలో ఒకావిడ కూర్చుంటుంది, పైన గుడ్డ కప్పుతాడు, తీస్తే మనిషి లేదు. స్టేజీ మీద అప్పటికే ఇది పాపులర్ ఐటమ్. స్టేజీ మీదైతే కుర్చీ కింద రహస్య తలుపు కావాలి, ఆవిడ అందులోంచి కిందికి జారిపోవాలి. మెలియెస్‌కి తలుపు అక్కర్లేదు. కెమెరా ఆపాడు, ఆవిడ లేచి పక్కకి వెళ్లింది, మళ్లీ తిప్పాడు. అయినా పేపర్ మాత్రం పరిచాడు! కింద తలుపేమీ లేదు, చూస్కోండి అని. స్టేజీ మ్యాజిక్ తెలిసిన ప్రేక్షకుల మీద వేసిన సెటైర్ అది. ఆ తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, ఖాళీ కుర్చీలో అస్థిపంజరాన్ని కూడా ప్రత్యక్షం చేస్తాడు.

ఇంతేనా, కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేయడమేగా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. ఎండాకాలం సెలవుల్లో మా బాబాయి వాళ్ల డాబా మీద మా తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ ఒక ఇటుక మీద ఆనించి ట్రై చేశాం. రికార్డింగ్ పాజ్ చేశా, వాడు లేచి వెళ్లాడు, మళ్లీ రికార్డ్. వీడియో చూస్తే వాడు మాయమయ్యాడు, బానే ఉంది. కానీ వాడితో పాటు పిట్టగోడ మీద కాకి కూడా మాయమైంది. తీగ మీద ఆరేసిన చీరలన్నీ ఒక్క గెంతు గెంతాయి. వాడు లేచేటప్పుడు కుర్చీ రెండంగుళాలు జరిగింది. అన్నిటికంటే ఘోరం, ఆ గ్యాప్‌లో మబ్బు పట్టింది, డాబా మొత్తం టక్కున చీకటైంది. మూడేళ్ల పిల్లాడు కూడా పట్టేసేలా ఉంది. ఏడుసార్లు తీశాం. ఏడోసారికి మా తమ్ముడు నిజంగానే మాయమయ్యాడు, కిందికి దిగి టీవీ పెట్టుకున్నాడు.

1897లో మెలియెస్ మోంత్రెయ్‌లో తన ఇంటి స్థలంలో స్టూడియో ఎందుకు కట్టుకున్నాడో ఆ రోజు నాకు అర్థమైంది. గోడలూ కప్పూ మొత్తం అద్దాలే. ఎండ లోపలికి కావాలి, గాలి మాత్రం రాకూడదు. వెనక సీనరీ అంతా పరదాల మీద గీసిన పెయింటింగే. చెట్టు ఆకు కదలదు, కాకి వాలదు.

ఇంకో సంగతి ఉంది. అప్పటి కెమెరా చేత్తో తిప్పే హ్యాండిల్‌తో నడిచేది. ఆపేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే ఆ చివరి ఫ్రేముల మీద వెలుతురు ఎక్కువ పడుతుంది, అవి తెల్లగా పాలిపోతాయి. అలాగే వదిలేస్తే మాయ జరిగే క్షణంలో తెర మెరుస్తుంది. అందుకే ఆ పాడైన ఫ్రేముల్ని కత్తిరించి పారేసి, ఈ ముక్కకి ఆ ముక్కని జిగురుతో అతికించేవాళ్లు. మిగిలి ఉన్న మెలియెస్ ఫిల్ముల్ని పరిశోధకులు భూతద్దం పెట్టి చూస్తే, మాయ జరిగే ప్రతిచోటా ఆ అతుకు కనిపించింది. అంటే "కెమెరా ఆపాడు" అని మనం సింపుల్‌గా చెప్పుకునేదాంట్లో సగం పని కత్తెరదే. మీరు రీల్స్‌కి ట్రాన్సిషన్ చేస్తూ రెండు క్లిప్పుల చివర్లు ట్రిమ్ చేస్తారు కదా, అదే ఇది.

ఇప్పుడు రెండో ట్రిక్. మా అత్తయ్య దెయ్యానికి అసలు తల్లి ఇదే.

చిన్నప్పటి పలక గుర్తు చేసుకోండి. నల్లగా ఖాళీగా ఉన్నచోట రాసింది శుభ్రంగా కనబడుతుంది. ముందే రాసి ఉన్నచోట మళ్లీ రాస్తే? రెండూ కలగాపులగం అయిపోతాయి. ఫిల్మ్ కూడా అంతే. కెమెరా ముందు నల్లటి గుడ్డ ఉన్నంతమేర ఫిల్మ్ మీద ఏమీ పడదు. ఆ భాగం ఇంకా ఖాళీ పలకే. రీలు వెనక్కి చుట్టి, మళ్లీ అదే ఫిల్మ్ మీద తీస్తే ఆ ఖాళీలో కొత్త బొమ్మ పడుతుంది. దీన్నే డబుల్ ఎక్స్‌పోజర్ అంటారు.

1898లో మెలియెస్ తీసిన 'ది ఫోర్ ట్రబుల్‌సమ్ హెడ్స్' చూస్తే మతిపోతుంది. తన తల తానే ఊడబీక్కుని బల్లమీద పెడతాడు. మెడ మీద ఇంకో తల వస్తుంది. అదీ తీసి పెడతాడు. అలా మూడు తలలు బల్లమీద, నాలుగోది ఒంటి మీద. బాంజో వాయిస్తూ పాడతాడు, బల్లమీద తలలూ పాడతాయి. వాటి పాట నచ్చక బాంజోతో రెండు తలల్ని కొడతాడు కూడా. మొత్తం ఒక నిమిషం! ఆ నిమిషం కోసం అదే ఫిల్మ్ మళ్లీమళ్లీ వెనక్కి చుట్టి, ప్రతిసారీ ఒళ్లంతా నల్లగుడ్డలో దాచి తల ఒక్కటే కనిపించేలా నిలబడాలి. 1900లో 'వన్ మ్యాన్ బ్యాండ్' అని ఇంకోటి తీశాడు, అందులో ఏడుగురు మెలియెస్‌లు ఒకేసారి కచేరీ చేస్తారు. ఫిల్మ్ ఏడుసార్లు కెమెరాలోంచి వెళ్లింది. ఏడోసారి తుమ్మొచ్చిందనుకోండి, ముందు ఆరుసార్లు తీసిందీ గంగలో కలిసినట్టే. మనకి అన్‌డూ బటన్ ఉంది, ఆయనకి లేదు.

కెమెరాలో స్క్రీన్ లేదు, తీసింది అక్కడికక్కడే చూసుకునే వీల్లేదు. మరి ఏ తల ఏ క్షణంలో ఎటు చూడాలో ఎలా తెలుస్తుంది? లెక్క పెట్టుకోవడమే. అప్పటి మామూలు కెమెరాల్లో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే ఎనిమిది ఫ్రేములు పడేవి, సెకనుకి రెండు చుట్లు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెడుతూ నటించడం, వెనక్కి చుట్టి మళ్లీ అదే లెక్కకి సరిపోయేలా నటించడం. సంగీతం వాళ్లు తాళం వేసినట్టు అనుకోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1901లో తీసిన రబ్బరు తల. బల్లమీద పెట్టిన తలకి గొట్టం తగిలించి తిత్తితో గాలి కొడుతుంటే బెలూన్‌లా ఉబ్బుతుంది, గాలి ఎక్కువైతే పేలిపోతుంది. ఉబ్బడం ఎలా? జూమ్ లెన్స్ ఏదీ అప్పట్లో? మనిషే కెమెరా దగ్గరికి వస్తే తల పెద్దదవుతుంది, దూరం వెళ్తే చిన్నదవుతుంది. అంతే! చక్రాల కుర్చీలాంటి దానిమీద కూర్చుని, నల్లటి ఏటవాలు పట్టాల మీద ముందుకీ వెనక్కీ లాగించుకున్నాడు. ఏటవాలు ఎందుకంటే, నేరుగా ముందుకొస్తే తల పెద్దదవడంతో పాటు మెడ కూడా బల్ల మీద నిలవకుండా కిందికి జారిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క పాయింట్ ఆలోచించిన బుర్రకి దండం పెట్టొచ్చు.

1902లో వచ్చిన 'ఎ ట్రిప్ టు ద మూన్' మీకు తెలిసే ఉంటుంది, చంద్రుడి కంట్లో రాకెట్ గుచ్చుకునే బొమ్మ. చంద్రుడి మీద జీవుల్ని గొడుగుతో కొడితే పొగై పేలిపోతారు. అదీ కుర్చీలో ఆవిడ ట్రిక్కే, మనిషి స్థానంలో పొగ పెట్టారు. దాని గురించి ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తా. దాని రంగుల ప్రింటు కూడా ఉంది. నలుపు తెలుపు ఫిల్మ్‌కి రంగు ఎలా? కుంచెతో. పారిస్‌లో ఎలిజబెత్ త్విలియే అనే ఆవిడ వర్క్‌షాప్‌లో సుమారు 200 మంది ఆడవాళ్లు ఇదే పని చేసేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. తపాలా బిళ్లంత ఫ్రేములో రాకెట్ అంచు దాటకుండా రంగు వేయాలి. ఆ సినిమాలో సుమారు 13 వేల ఫ్రేములు. ఒక ప్రింటు అయిపోతే ఇంకో ప్రింటు మళ్లీ మొదటి ఫ్రేము నుంచి. ఆ 200 మంది పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ లేవు.

సరే, మెలియెస్ ట్రిక్కులన్నీ నవ్వు కోసం. మరి భయం? దానికి స్వీడన్ వెళ్లాలి. 1921 జనవరి 1న విక్టర్ షోస్ట్రోమ్ సినిమా ఒకటి విడుదలైంది, ఇంగ్లీషులో 'ది ఫాంటమ్ క్యారేజ్' అంటారు. కథేంటంటే, డిసెంబర్ 31 అర్ధరాత్రి గంట కొట్టేటప్పుడు ఆఖరున చచ్చిపోయినవాడు, తర్వాతి ఏడాదంతా మృత్యువు బండి తోలాలి, చచ్చినవాళ్లని ఎక్కించుకోవాలి. ఒక సీన్‌లో ఆ గుర్రపు బండి సముద్రం మీద నడుచుకుంటూ పోతుంది, మునిగి చనిపోయినవాడి కోసం. బండీ గుర్రమూ గాజులాగా ఉంటాయి, వెనకాల అలలు కనబడుతుంటాయి. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా, అందులో సౌండే లేదని గుర్తున్నా తీయబుద్ధి కాలేదు.

ఇక్కడ నల్లగుడ్డ వాడే పద్ధతి తిరగేశారు. మెలియెస్ తల గట్టిగా కనిపించాలి కాబట్టి ఖాళీ పలక మీద తీశాడు. దెయ్యం పలచగా కనిపించాలి కాబట్టి ముందే రాసి ఉన్న పలక మీద తీయాలి. మొదట సముద్రం తీశారు. రీలు వెనక్కి చుట్టి, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు బండిని తీశారు. సముద్రం ఫిల్మ్ మీద ముందే ఉంది కాబట్టి బండిలోంచి అది కనబడుతుంది. కెమెరామన్ జూలియస్ యెన్‌జోన్ ఇలా ఒకదాని మీద ఒకటి చాలా పొరలు వేశాడు, అదీ చేత్తో హ్యాండిల్ తిప్పుతూ.

దెయ్యం కుర్చీ ముందునుంచి వెళ్లడం తేలిక. కుర్చీ వెనకనుంచి వెళ్లాలంటే? రెండోసారి తీసేటప్పుడు అదే కొలతలో, అదే చోట, కుర్చీ ఆకారంలో నల్లగుడ్డ కప్పిన వస్తువు పెట్టాలి. దెయ్యం దాని వెనక్కి వెళ్లినంతసేపూ ఫిల్మ్ మీద పడదు. బద్ధకస్తులు ఆ పని చేయరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీనికి.

ఇప్పుడు మన దగ్గరికి. దాదాసాహెబ్ ఫాల్కే అంటే 'రాజా హరిశ్చంద్ర', 1913, అని పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టి ఉంటారు. ఆయన కూడా మ్యాజిక్ నేర్చుకుని షోలు వేసినవాడని ఎంతమందికి తెలుసు? ఫాల్కే పేరు తిరగేసి 'ప్రొఫెసర్ కెల్ఫా' అని పెట్టుకున్నాడు. సినిమాకి పెట్టుబడి కోసం తిరిగేటప్పుడు ఆయన చూపించింది కూడా మాయే. కుండీలో బఠాణీ గింజ నాటి, రోజూ కొన్ని ఫ్రేములు మాత్రమే తీస్తూ పోయాడు. తెరమీద వేస్తే గింజ మొలకెత్తి, తీగై, కళ్లముందే పైకి పాకింది. ఈరోజు మీ ఫోన్‌లో టైమ్‌ల్యాప్స్ అని ఒక బటన్ ఉంది చూశారా, అది 1912లో ఆయన చేత్తో చేశాడు. డబ్బు పుట్టింది.

1918లో 'శ్రీకృష్ణ జన్మ' తీశాడు. అందులో కంసుడి భయాన్ని చూపించాలి. మాటల్లేవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ రికార్డ్ చేసే వీల్లేదు. ఏం చేశాడంటే, కంసుడి తల మెడ మీంచి ఊడి పైకి లేచి, మళ్లీ వచ్చి మెడ మీద కూర్చుంటుంది. మెలియెస్ నవ్వుకి వాడుకున్న ట్రిక్‌ని ఫాల్కే ప్రాణభయం చూపించడానికి వాడాడు. నాకు ఈ సీన్ దగ్గరే ఫాల్కే గొప్పోడనిపిస్తుంది.

1919లో 'కాళీయ మర్దన్'. కృష్ణుడిగా ఆయన కూతురు మందాకిని, చిన్నపిల్ల. సినిమా నేరుగా యమునా తీరంలో మొదలవదు. ముందు ఆ పిల్లని మామూలు పిల్లలాగే చూపిస్తాడు, నవ్వు, కోపం, ఏడుపు, ఒక్కో హావభావం. ఇదిగో ఇది నటన, ఈ పిల్లకి ఇవన్నీ వచ్చు అన్నట్టు. ఆ తర్వాతే కృష్ణుడు వస్తాడు. అంతకు రెండేళ్ల ముందు, 1917లో, సినిమాలు ఎలా తయారవుతాయో చూపిస్తూ విడిగా ఒక ఫిల్మే తీశాడు. దేవుడి సినిమాలో తెరమీద రాముడు కనిపిస్తే జనం చెప్పులు విప్పేవాళ్లని చెప్పుకునే రోజులవి. ఆ భక్తిని సొమ్ము చేసుకోవడం చాలా ఈజీ. ఆయన మాత్రం ట్రిక్ తలుపు తెరిచి రండి చూడండి అన్నాడు. "ఎడిటింగ్ కాదు, నిజం" అని రాసి పంపినవాడికీ ఈయనకీ తేడా అక్కడుంది.

ఇవన్నీ చూద్దామంటే చాలావరకు లేవు. మెలియెస్ 500కు పైగా సినిమాలు తీశాడు, సుమారు 200 దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ప్రింట్లు కొన్ని కరిగించి బూట్ల మడమలకి వాడారు. 1923లో అప్పులపాలై స్టూడియో వదులుకోవాల్సి వచ్చినప్పుడు, మిగిలిన నెగటివ్‌లని ఆయనే తగలబెట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్లు పారిస్ రైల్వేస్టేషన్‌లో బొమ్మలూ మిఠాయిలూ అమ్మాడు. కొట్లో పక్కన కూర్చున్నది ఎవరో తెలుసా, జ్యాన్ దాల్సీ, 1896లో ఆ కుర్చీలోంచి మాయమైన ఆవిడే. ఆయన భార్య అయింది. చంద్రుడి సినిమా రంగుల ప్రింటు 1993లో బార్సిలోనాలో బయటపడింది, ఫిల్మ్ గట్టి ముద్దలా అతుక్కుపోయి ఉంది, బాగుచేసేసరికి 2011 అయింది. మన దేశంలో మూకీలు 1,300 దాకా వచ్చాయని అంచనా, మిగిలినవి కొన్ని పదులు. వెండి తీయడానికి రీళ్లు అమ్మేసుకున్న రోజులున్నాయి. రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా పోయింది. గంగాదేవి నీళ్లలోంచి ఎలా వచ్చిందో, అసలు వచ్చిందో లేదో చూసే దారి మనకి లేదు.

మళ్లీ మా అత్తయ్య దగ్గరికి. ఆదివారం బస్సెక్కి ఊరెళ్లాను. ఇవన్నీ ఆవిడకి చెప్పలేదు, మెలియెస్ అంటే కొడుతుంది. ఫోన్‌ని బియ్యం డబ్బా మీద ఆనించి ఖాళీ హాలు ఒక నిమిషం తీశా. తర్వాత ఆవిడకి తెల్ల దుప్పటి కప్పి, అదే హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నా. "ఇదేం పిచ్చిరా" అంటూనే నడిచింది. ఎడిటింగ్ యాప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, పై పొర సగం పలచన చేశా. రెండు నిమిషాలు పట్టింది.

కళ్లజోడు పెట్టుకుని చూసింది. మొదట నవ్వింది. తర్వాత ఫోన్ దగ్గరగా పట్టుకుని, "నాలోంచి కుర్చీ కనిపిస్తోందేంట్రా?" అంది. నేనేం మాట్లాడలేదు. "ఆ ఆసుపత్రిది తియ్యి" అంది. తీశా. రెండుసార్లు చూసింది. "ఇదీ అంతే. బెంచీ వెనకనుంచి పోవాలి కదా, బెంచీ మీంచి పోతోంది" అంది. బద్ధకస్తుడు నల్లగుడ్డ కప్పలేదు, ఈవిడ పట్టేసింది.

ఆ సాయంత్రం ఆరు దాటాక చెంబుడు నీళ్లు తాగింది. తొమ్మిదింటికి టార్చిలైటు తీసుకుని పెరట్లోకి బయల్దేరింది. నన్ను మాత్రం వచ్చేదాకా వరండాలో నిలబడమంది.